అడ్డ వరుసలు నిలువుగా తిప్పండి, సుఖపడండి!

మనిషి బుర్రకు తట్టినవాటిలో అన్నిటికంటే గొప్ప ఆలోచన ఏది? చక్రం అంటారు మీరు. కాస్త చదువుకున్నవాళ్లయితే సున్నా అంటారు. వంటింట్లో నలిగినవాళ్లయితే మిక్సీ అంటారు. ముగ్గురూ పప్పులో కాలేశారు! అన్నిటికంటే గొప్పది, అడ్డంగా ఉన్న పట్టికను నిలువుగా తిప్పడం.

నవ్వకండి. ఈ మాట అంటున్నది దారిన పోయే దానయ్య కాదు. పదకొండేళ్లుగా ఒక పెద్ద కాలనీ మెయింటెనెన్స్ ఆఫీసులో, కుర్చీ కుషన్ అరిగి చెక్క తేలేదాకా కూర్చుని పట్టికలు తిప్పుతున్నవాడు. ఆఫీసులో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ‘అడ్డం-నిలువు గారు’ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు. నేను దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాను.

మా కాలనీలో ముప్పై ఒక్క బిల్డింగులు. ఒక్కోదానికి ఐదంతస్తులు. అంతమంది ఒకచోట ఉంటే రోజూ ఏదో ఒకటి పాడవక మానుతుందా? కుళాయి కారుతుంది, మెట్ల మీద లైటు పోతుంది, లిఫ్టు మధ్యలో ఆగి మొరాయిస్తుంది. వాళ్లు మాకు ఫిర్యాదు రాస్తారు. మేము దాన్ని కంప్యూటర్‌లో ఎక్కిస్తాము. ఒక ఫిర్యాదుకి ఒక అడ్డ వరుస. తేదీ, బిల్డింగు, ఇంటి నంబరు, ఏం పాడైంది, ఏమని రాశారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. పక్కపక్కన ఆరు గడులు, అంతే. మరో ఫిర్యాదు వస్తే దాని కింద మరో వరుస.

చూడటానికి ఎంత వికారంగా ఉంటుందో ఊహించండి! ఆ పట్టిక కిందికి పెరుగుతూనే ఉంటుంది. జనం బాధపడటం మానరు కాబట్టి దానికి అడుగు అనేది కనబడదు. మౌస్ చక్రం తిప్పీ తిప్పీ పై అధికారి చూపుడువేలు వాచిపోతుంది. అలాంటి పట్టిక చూశాక ఏ అధికారికైనా ఆ పూట భోజనం సహిస్తుందా?

ఆ బాధ చూడలేకే మా కొత్త మేనేజర్ మేడమ్ వచ్చిన వారానికే నన్ను పిలిచారు.

“ఏవండీ, ఇదంతా నాకు ఒక్క పేజీలో కావాలి. బిల్డింగులు ఎడమ పక్కన, నెలలు పైన. మీరు తిప్పగలరా?” అన్నారు.

తిప్పగలరా అట! చేపను ఈదగలవా అని అడిగినట్టుంది. సాయంత్రానికల్లా తిప్పి చేతిలో పెట్టాను.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరిస్తాను. తెలిసినవాళ్లు ఈలోగా టీ తాగి రండి. అడ్డ వరుసల్లో పడి ఉన్న నెలల్ని పైకెక్కించి, ఒక్కో నెలని ఒక్కో నిలువు వరుసగా నిలబెట్టాలి. అప్పుడు ఒక్కో బిల్డింగుకి, ఒక్కో నెలకి, ఒక్కటే గడి మిగులుతుంది. ఆ బిల్డింగులో ఆ నెల పాడైనవన్నీ, మొత్తుకున్నవాళ్లందరూ ఆ గడిలోకే వెళ్లి సర్దుకోవాలి. మరి ఆ గడిలో ఎంతమంది పడతారు? ఒక్కరే!

అదీ అందులో ఉన్న అందం. ఆఖరి బస్సు దగ్గర జనం తోసుకున్నట్టు ఫిర్యాదులన్నీ ఆ గడి ముందు నిలబడతాయి. కంప్యూటర్ ఎంతో మర్యాదగా నన్ను అడుగుతుంది. వీళ్లలో ఎవర్ని ఉంచమంటారు? మొదటివాళ్లనా, చివరివాళ్లనా? అందర్నీ కలిపి కూడమంటారా? లెక్కపెట్టమంటారా? సగటు తీయమంటారా? ఇంట్లో ఫ్యాను వేయాలా వద్దా అన్నది కూడా నన్నెవరూ అడగరు. అలాంటి నాకు ఇంత అధికారమా!

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ తిప్పుడు గొప్పతనం మీకు పూర్తిగా అర్థం కాదు.

అక్కది మా కాలనీలోనే పదిహేడో బిల్డింగు, నాలుగో అంతస్తు. ఒక్కతే ఉంటుంది. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని, బట్టలు సైజు చేసి ఇస్తుంది. వదులైన నడుములు బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. నన్ను చదివించింది ఆ మిషనే. నలభై ఏళ్లు దాన్ని తొక్కీ తొక్కీ రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్ల జోలికి వెళ్తే మంచం మీదే ఉండిపోతారని డాక్టరు తేల్చి చెప్పాడు. లిఫ్టు ఉంది కదా అని అక్క ధీమాగా ఉంది. ఆ లిఫ్టు మోటారు కాలిపోయి ఏడు నెలలైంది.

ఏడు నెలలుగా అక్క నేల మీద కాలు పెట్టలేదు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతుంది. కుట్టాల్సిన బట్టలు అందులో ఎక్కుతాయి, కుట్టినవి అందులో దిగుతాయి. కూరగాయలూ అంతే, మందులూ అంతే. కొలతలు ఇవ్వాల్సినవాళ్లు మాత్రం బుట్టలో కూర్చోలేరు కదా! వాళ్లు ఒక్కొక్కరే వేరే కుట్టుషాపు చూసుకున్నారు. రోజంతా మనిషి అలికిడి ఉండే ఇల్లు అది. ఇప్పుడు నేను వెళ్తే తప్ప తలుపు గడియ చప్పుడు వినబడదు.

ప్రతి సోమవారం అక్క మా ఆఫీసుకి ఒక ఫిర్యాదు రాస్తుంది. రోజూ రాసేదే, కానీ వారానికి ఇంటికొకటే రాయాలని రూలు ఉంది. వరుసలు తగ్గుతాయని ఆ రూలు పెట్టించింది నేనే. అప్పటికి ఏడు నెలల్లో ఇరవై ఎనిమిది ఉత్తరాలు. ఇరవై ఎనిమిది వరుసలు.

“ఏరా, తమ్ముడు అదే ఆఫీసులో ఉన్నాడు, ఒక మాట వేయలేడా అని అందరూ నన్ను అడుగుతున్నార్రా,” అంది అక్క ఒకరోజు.

“నేను చెప్తే మా అక్క కోసం చెప్పాడంటారక్కా. పట్టిక చెప్తే న్యాయం అంటారు. పట్టికని చెప్పనీ,” అన్నాను.

ఎంత బాగా అన్నాను! బయటికొచ్చాక నా భుజం నేనే తట్టుకున్నాను. ఎందుకంటే మా కాలనీ కమిటీ ఏడాదికి ఒక్క కొత్త లిఫ్టు మోటారు ఇస్తుంది. ఏ బిల్డింగుకి ఇవ్వాలో నా పట్టిక చూసే తేలుస్తుంది. ఆ మీటింగు వచ్చే నెలలోనే ఉంది. అక్క కిందికి రావడమూ రాకపోవడమూ నేను తిప్పే తిప్పుడు మీదే ఆధారపడి ఉందన్నమాట.

సరే, ఎలా తిప్పాలి? నా ముందున్న దారులు ఒక్కొక్కటే చూశాను.

మొదటిది కూడిక. దీనితో నాకు పాత పరిచయం ఉంది. రెండేళ్ల కిందట తొమ్మిదో బిల్డింగులో పైపు పగిలి 302, 402, 502 ఇళ్లవాళ్లు ముగ్గురూ ఫిర్యాదు రాశారు. నేను తిప్పేటప్పుడు ఇంటి నంబరు ఉన్న గడికి కూడిక పెట్టాను. 1206 అని వచ్చింది. ప్లంబర్ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“సార్, ఐదంతస్తుల బిల్డింగులో పన్నెండో అంతస్తు ఎక్కడుంటుంది సార్?”

“కాగితంలో ఉందా లేదా?”

“ఉంది సార్.”

“ఉంటే వెతుకు.”

పాపం మేడ మీదికెక్కి, నీళ్ల ట్యాంకు చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘వెళ్లి చూడగా ఇంట్లో ఎవరూ లేరు’ అని రాసి వచ్చాడు. ఫిర్యాదు మూసేశాం. ముగ్గురి సమస్య ఒక్క సంతకంతో తీరిపోయింది. కాకపోతే పైపు మాత్రం ఇంకో నెల కారింది.

రెండోది సగటు. సగటు అంటే నాకు ప్రాణం. ఎనిమిదో బిల్డింగులో ఒక నెల కింది ఇంట్లో నీళ్లు మోకాలి లోతు నిలబడ్డాయి, పై ఇంట్లో చుక్క రాలేదు. ఇద్దరూ ఫిర్యాదు చేశారు. సగటు తీశాను. రెండిళ్లలోనూ సరిపడా నీళ్లున్నాయని తేలింది! ఆ నెల ఎనిమిదో బిల్డింగు కాలనీకే ఆదర్శం. కమిటీవాళ్లు వెళ్లి ఫోటో కూడా దిగారు. కింది ఇంటాయన ప్యాంటు పైకి మడుచుకుని ఉన్నాడు, అందుకని ఆయన్ని నడుము పైనుంచే తీశారు.

తిప్పడంలో మేమే ఘనులం అనుకోకండి. మా ఎదురింటి టీచరమ్మ పనిచేసే స్కూల్లో మార్కుల పట్టిక తిప్పితే, పిల్లల పేర్లు ఉండాల్సిన చోటికి సబ్జెక్టుల పేర్లు వచ్చాయి. ‘గణితం’ అనే విద్యార్థికి నలభై మూడు పరీక్షల్లో పంతొమ్మిది తప్పాయని రిపోర్ట్ కార్డు తయారైంది. గణితం తల్లిదండ్రులు వెంటనే వచ్చి కలవాలని ఉత్తరం వెళ్లింది. ఎవరూ రాలేదు. వరసగా పదిహేను రోజులు హాజరు లేదని గణితం పేరు కొట్టేశారు. పిల్లలు మాత్రం ఆ నిర్ణయాన్ని హర్షించారని టీచరమ్మ చెప్పింది.

ఈ విద్యని నేను ఇంట్లోనూ వాడి చూశాను. మా ఆవిడ నా మీద చేసే ఫిర్యాదులు అడ్డ వరుసలుగా రాసుకుని, నెలలవారీగా నిలువుగా తిప్పి, రంగులు వేసి చూపించాను. ‘చూడు, మార్చి నెలలో నువ్వు నా మీద అసలు విసుక్కోలేదు’ అన్నాను.

“మార్చిలో నేను మా అమ్మ దగ్గరున్నాను. ముందు ఆ కుళాయికి వాషర్ వేసి, తర్వాత బొమ్మలేసుకోండి,” అంది.

పట్టికలు గిట్టనివాళ్లు అలాగే మాట్లాడతారు. మనం పట్టించుకోకూడదు.

మూడోది లెక్కింపు. బిల్డింగుకి నెలకి ఎన్ని లిఫ్టు ఫిర్యాదులు వచ్చాయో లెక్కపెట్టి గడిలో వేయడం. వేసి చూశాను. ఏ నెల చూసినా పదిహేడో బిల్డింగే పైన! మొత్తం ఇరవై ఎనిమిది. దాని తర్వాతి బిల్డింగుకి ఆరు. నేనేమీ కలపలేదు, తీయలేదు. పట్టికే అక్క తరఫున నోరు విప్పింది. ఆ రోజు ఆఫీసులో ఎవరూ చూడకుండా కాసేపు కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాను.

మేనేజర్ మేడమ్ ఆ పేజీ చూసి మొహం చిట్లించారు.

“ఈ ఇరవై ఎనిమిదీ ఎవరివండీ?”

“403 ఇంటావిడవి మేడమ్.” మా అక్క అని చెప్పలేదు. న్యాయం కదా!

“ఒకే మనిషి ఒకే సంగతి ఇరవై ఎనిమిది సార్లు రాస్తే అవి ఇరవై ఎనిమిది సమస్యలెలా అవుతాయి? ఒక్కటే కదా. గడిలో అంకెలొద్దు. ఆఖరికి పరిస్థితి ఏమిటో, అది వేయండి. ఆఖరి మాటే అసలు మాట.”

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మీరే చెప్పండి. పక్కింటివాళ్లు ముప్పైసార్లు తలుపు కొడితే మనం ముప్పైమంది వచ్చారనుకుంటామా? సరేనని కంప్యూటర్‌కి ‘చివరిది ఉంచు’ అని చెప్పాను. ఆ నెలలో ఆఖరున వచ్చిన ఫిర్యాదు ఏ స్థితిలో ఉందో అదే గడిలోకి వస్తుంది. అయినా నాకు భయం లేదు. లిఫ్టు ఆగే ఉంది, అక్క ఫిర్యాదు ఉండనే ఉంది. మొదటిది ఉంచినా చివరిది ఉంచినా తేడా ఏముంటుంది?

ఇక్కడ నా మరో ఘనకార్యం గురించి చెప్పుకోవాలి. ప్రతి ఉత్తరమూ చదివి, దాని స్థితి ఏమిటో గడిలో రాయడానికి పూర్వం నాకు రోజంతా పట్టేది. అందుకని కంప్యూటర్‌కే నేర్పించాను. ఉత్తరంలో ‘పాడైంది’, ‘ఆగింది’, ‘పనిచేయడం లేదు’ లాంటి మాటలుంటే ‘ఫిర్యాదు’ అని వేసి ఎర్ర రంగు పూస్తుంది. ‘ధన్యవాదాలు’ అన్న మాట ఎక్కడ కనబడినా ‘సంతృప్తి’ అని వేసి పచ్చ రంగు పూస్తుంది. రెండూ ఉంటే? పచ్చే! ధన్యవాదాలు చెప్పినవాడికి ఇంకా ఏం లోటుంటుందండీ? ఈ ఏర్పాటు చేశాక నేను ఉత్తరాలు చదవడం మానేశాను. తిప్పడం నా పని. చదవడం నా పని కాదు.

మీటింగుకి ముందు శనివారం అక్క ఇంటికి వెళ్లాను. సోమవారం పంపబోయే ఇరవై తొమ్మిదో ఉత్తరం నా చేతికిచ్చింది. రెండే ముక్కలు. ‘లిఫ్టు పనిచేయడం లేదు. మీకు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.’

“అక్కా, ఇలా పెడసరంగా రాస్తే ఎవరికి చేయబుద్ధవుతుంది? కాస్త మర్యాదగా రాయాలి. ఓపికగా చదువుతున్నందుకు ధన్యవాదాలు అని ఆఖర్న ఒక్క ముక్క పెట్టు. అధికారులు కదా, మెత్తబడతారు,” అన్నాను.

“చదువుతున్నారంటావా?”

“చదవకుండా ఎలా ఉంటారక్కా?”

అక్క నా మొహం వంక కాసేపు చూసి, ఆ ముక్క చేర్చింది. చిన్నప్పుడు నేను పరీక్ష బాగా రాశానంటే కూడా అలాగే నమ్మేది.

మీటింగు రోజున తొమ్మిదిమంది కమిటీవాళ్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. మేడమ్ గోడ మీద తెరకెక్కించారు నా పట్టికని. ఒక్క పేజీ! ముప్పై ఒక్క బిల్డింగులు, పైన నెలలు, గడులన్నీ రంగులు. ఆఖరి నెల వరుస చూసి అందరూ చప్పట్లు కొట్టారు. అంతా పచ్చగా, పొలంలా ఉంది. మా కాలనీలో జనం మర్యాదస్తులు. తిట్టేదంతా తిట్టి చివర్న ‘ధన్యవాదాలు’ అని సంతకం పెడతారు. ఆ నిలువు వరుసలో ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉంది.

నేను నిబ్బరంగా చూశాను. అది ఐదో బిల్డింగు.

పదిహేడు ఎక్కడ? వేలుపెట్టి వెతికినట్టు కళ్లతో కిందికి వచ్చాను. పదిహేడో బిల్డింగు, లిఫ్టు, సంతృప్తి. పచ్చ.

ఐదో బిల్డింగులో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారున్నారు. జన్మలో ఎవరికీ ధన్యవాదాలు చెప్పని మనిషి. ‘లిఫ్టులో అద్దం పగిలింది. మీకు సిగ్గుందా?’ అని రాశారు. కాలనీ మొత్తం మీద అసంతృప్తిగా ఉన్న బిల్డింగు అదొక్కటే కాబట్టి, కొత్త మోటారు దానికే ఇవ్వాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంత స్పష్టమైన పట్టిక తయారుచేసినందుకు నాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు.

నేనేం చేశాననుకుంటున్నారు? లేచి, ‘ఆగండి, తప్పు జరిగింది’ అన్నానా? ప్రశంసాపత్రం రెండు చేతులతో అందుకుని, వంగి నమస్కారం పెట్టాను. ఇంత సిగ్గుమాలిన పని నేను అంతకుముందు చేయలేదు.

మర్నాడు లిఫ్టు మెకానిక్ కొత్త మోటారు బండి మీద వేసుకుని ఐదో బిల్డింగుకి వెళ్లి, తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

“సార్, అక్కడ మోటారు రాయిలా ఉంది సార్. పగిలింది అద్దం. ఏం చేయమంటారు?”

“ఆర్డర్‌లో ఏముంది?”

“మోటారు అని ఉంది.”

ఏం చెప్పమంటారు? ‘బిగించు’ అన్నాను. బిగించాడు. ఐదో బిల్డింగువాళ్లు ఇప్పుడు సరికొత్త మోటారుతో, పాత పగిలిన అద్దంలో రెండు మొహాలు చూసుకుంటూ పైకి వెళ్తున్నారు.

ఆ సాయంత్రం నాలుగంతస్తులూ ఎక్కి అక్క దగ్గరికి వెళ్లాను. రొప్పుతూ ఆ పేజీ ఆమె చేతిలో పెట్టాను. ఫోన్‌లో చెప్పేయొచ్చు. కానీ మొహం చూడకుండా చెప్పడానికి మనసొప్పలేదు.

అక్క కళ్లజోడు పెట్టుకుని ఆ రంగుల గడులన్నీ చూసింది.

“ఇందులో నేనెక్కడున్నాన్రా?”

చూపించాను.

“ఇరవై తొమ్మిది రాశాను కదా. ఇది ఆఖరిదొక్కటేనా?”

“ఆఖరిదే అక్కా. మిగతావి గడిలో పట్టవు.”

“అది నువ్వు రాయమన్న ముక్క కదరా.”

అక్క కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మిషన్ మీది గుడ్డ పక్కకి తీసి, నా ముందు ఒక కాగితం పెట్టింది.

“రాయి. నీ చేత్తో నువ్వే రాయి. ఆఫీసువారికి. పోయిన సోమవారం నేను మీకు చెప్పిన ధన్యవాదాలు వెనక్కి తీసుకుంటున్నాను. మా తమ్ముడు చెప్పమంటే చెప్పాను. లిఫ్టు పనిచేయడం లేదు. నేను ఏడు నెలలుగా కిందికి రాలేదు. అంతే. ఇటివ్వు, సంతకం పెడతాను.”

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి, ఆ ఉత్తరాన్ని అక్షరం మార్చకుండా కంప్యూటర్‌లో ఎక్కించాను. ముప్పయ్యో వరుస. పట్టిక తిప్పాను. కంప్యూటర్ ఉత్తరమంతా వెతికింది. ధన్యవాదాలు అన్న మాట దొరికింది. పదిహేడో బిల్డింగు, సంతృప్తి. పచ్చ!

మీరే చెప్పండి, ఇంకేం చేయాలి మనిషి? బతిమాలితే సంతృప్తి. తిట్టి దణ్ణం పెడితే సంతృప్తి. దణ్ణం వెనక్కిమ్మంటే కూడా సంతృప్తే! ఆ యంత్రానికి అది నేర్పిన మహానుభావుడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ అది నా చెంపే కదా. కాగితం తీసుకుని నేరుగా మేడమ్ గదిలోకి వెళ్లాను.

ఆవిడ తెర మీద చూసుకుని, “పచ్చగానే ఉంది కదండీ. సంతృప్తి అనే చూపిస్తోంది. ఇంకేమిటి?” అన్నారు.

“ఒకసారి చదవండి మేడమ్.”

“సారాంశం చెప్పండి, చాలు.”

“సారాంశాలు చెప్పీ చెప్పీ ఇక్కడిదాకా తెచ్చాను మేడమ్. చదవండి.”

పదకొండేళ్లలో నేను ఒక పై అధికారితో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆవిడ నా వంక వింతగా చూసి, కాగితం తీసుకుని చదివారు. ఇంకోసారి చదివారు. తర్వాత, మిగతా ఉత్తరాలేవీ అని అడిగారు. తిప్పని పాత పట్టిక తెరిచి, అడ్డ వరుసలన్నీ వరసగా చూపించాను. చదువుతుంటే నాకూ అవి కొత్తే.

మొదటి వారం, లిఫ్టు ఆగింది, వీలు చూసుకుని చూడగలరు. ఆరో వారం, మోకాళ్ల కోసం వారానికోసారి ఆసుపత్రికి రమ్మన్నారు, ఎలా వెళ్లాలో తెలియడం లేదు. పదకొండో వారం, బుట్ట తాడు తెగింది, కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పద్దెనిమిదో వారం, కూతురికి గౌను కొలత ఇవ్వడానికి ఒకామె రెండంతస్తులెక్కి వెనక్కి వెళ్లిపోయింది, పై నుంచి కేక వేశాను కానీ వినబడలేదు. ఇరవై రెండో వారం, కింద బెంచీకి రంగు వేశారని విన్నాను, నా బాల్కనీకి అవతలి వైపు కాబట్టి కనబడదు, ఏ రంగు వేశారో చెప్పగలరా.

ఆ ప్రశ్నకి మా ఆఫీసు నుంచి జవాబు వెళ్లింది. ‘మీ ఫిర్యాదు నమోదైంది.’

మేడమ్ మౌస్ వదిలేశారు.

“ఏవండీ, ఏడు నెలల నుంచి ఈవిడ కిందికే రాలేదా? ఇంత సంగతి నాకు ఎక్కడా చెప్పరేం?”

“చెప్పింది మేడమ్. ఇరవై తొమ్మిది వరుసల్లోనూ ఉంది. తిప్పింది నేనే. ఈవిడ మా అక్క.”

ఆవిడ మంచి మనిషే. కమిటీ పెద్దకి ఫోన్ చేసి, గొంతు కాస్త పెంచి మాట్లాడారు. ఐదో బిల్డింగు మోటారు విప్పి పదిహేడుకి బిగించమని, ఐదుకి దాని పాత మోటారే మళ్లీ పెట్టమని మెకానిక్‌కి కాగితం రాసి ఇచ్చారు. మెకానిక్ నన్ను అదోలా చూశాడు. డ్రిల్లు మాస్టారు మాత్రం మోటారు పోయిందని కూడా గమనించలేదు. అద్దం గురించి మళ్లీ రాశారు, మా పుట్టుపూర్వోత్తరాలతో సహా.

గురువారం లిఫ్టు కదిలింది. నేనే వెళ్లి అక్కని దింపాను. నాలుగంతస్తులూ దిగేవరకూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. కింద గడప దాటి నేల మీద అడుగు పెట్టి, ఒక నిమిషం అలాగే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. తుమ్ము వచ్చినట్టు నటించాను. తర్వాత బెంచీ దగ్గరికి నడిచి వెళ్లి, ‘ఓహో, నీలమా!’ అంటూ కూర్చుంది. చీకటి పడేదాకా లేవలేదు.

అయినా పట్టికలు తిప్పడం వరమే అంటాను నేను. నా మాట నేను వెనక్కి తీసుకోను. ఇప్పుడు మేడమ్ ఆర్డరు మీద ఆ ధన్యవాదాల రూలు తీసేశాము. ఫిర్యాదు రాసినవాళ్లే స్వయంగా సంతృప్తి అని కాగితం రాసి పంపితే తప్ప గడి పచ్చగా మారదు. పద్ధతి బాగానే ఉంది. ఒక్క చిక్కే వచ్చింది. నెలాఖరు పట్టికలో పదిహేడో బిల్డింగు ఎర్రగా ఉండిపోయింది.

“లిఫ్టు చక్కగా తిరుగుతోంది కదండీ. కమిటీవాళ్లు అడుగుతున్నారు. మీ అక్కగారితో సంతృప్తి, ధన్యవాదాలు అని రెండు ముక్కలు రాయించి పట్టుకురండి,” అన్నారు మేడమ్.

వెళ్లి అడిగాను. ఇల్లంతా జనం. ఒకామె కూతురిని ఎదురుగా నిలబెట్టి, అక్క టేపుతో కొలత తీస్తోంది. నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని తీసి, నా వైపు తిరక్కుండానే అంది.

“ధన్యవాదాలు ఎందుకు చెప్పాల్రా? లిఫ్టు ఇచ్చినందుకా, ఏడు నెలలు ఇవ్వనందుకా? మీ మేడమ్‌ని తేల్చి చెప్పమను, రాసిస్తాను.”

ఆ ప్రశ్నని యథాతథంగా మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ కమిటీకి పంపారు. తొమ్మిదిమందీ రెండుసార్లు కూర్చున్నారు. ఇంకా తేల్చలేదు. గడి ఎర్రగానే ఉంది.